స్నానాల గది దీపపు స్విచ్ మార్పిడి

స్నానాల గదిలోని దీపాన్ని వెలిగించి ఆర్పే స్విచ్ చెడిపోయినప్పుడు దాన్ని తీసివేసి, అదే రకానికీ అదే సామర్థ్యానికీ చెందిన కొత్త స్విచ్‌ను అమర్చడం గృహ విద్యుత్ మరమ్మతులలో చాలా చిన్నది. విప్పవలసిన స్క్రూలు నాలుగైదుకు మించవు, కొనవలసిన వస్తువు ఒక్కటే, చేయి తిరిగినవారికి అది పావుగంట పని. అయినా ఇందులో ప్రాణాపాయం ఉంది. ఎందుకంటే దీపం ఆరి ఉండడమూ, బోర్డులో విద్యుత్తు లేకుండా ఉండడమూ ఒకటి కావు. స్విచ్‌ను ఆఫ్ చేస్తే దీపం వైపు తీగకు మాత్రమే సరఫరా తెగుతుంది, సరఫరా వైపు స్క్రూ దగ్గర 230 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లోనైతే మెయిన్ దించిన తరువాత కూడా అవి అక్కడే ఉండవచ్చు. అందువల్ల ఈ పనిలో బిగింపు నేర్పు కంటే ముందు కావలసింది, ముట్టుకోబోయే తీగలో విద్యుత్తు లేదని పరికరంతో రుజువు చేసుకోవడం.

నిర్మాణం, పనితీరు

భారతదేశంలో ఇళ్ళకు అందే సింగిల్ ఫేజ్ సరఫరా 230 వోల్టుల పీడనంతో, సెకనుకు 50 ఆవర్తనాలతో సాగే ఏకాంతర విద్యుత్తు. దాన్ని తెచ్చే తీగలలో పీడనం గలది ఫేజ్, ప్రవాహానికి తిరుగుదారిగా ఉండేది న్యూట్రల్, లోహ భాగాలను భూమితో కలిపి ఉంచేది ఎర్త్. దీపపు స్విచ్ ఫేజ్ తీగ మధ్యలో ఉండాలన్నది వైరింగ్‌లో మొదటి నియమం. స్విచ్ వెనుక ఉండే రెండు టెర్మినళ్ళలో, అంటే తీగ కొనను దూర్చి స్క్రూతో నొక్కిపట్టే ఇత్తడి గూళ్ళలో, ఒకదానికి ఫేజ్ వచ్చి చేరుతుంది, రెండోదాని నుంచి హోల్డర్‌కు తీగ వెళుతుంది. పొరపాటున న్యూట్రల్ మధ్యలో స్విచ్ పెట్టిన ఇళ్ళు కూడా ఉన్నాయి. అక్కడ కూడా దీపం మామూలుగానే వెలిగి ఆరుతుంది కాబట్టి లోపం ఏళ్ళ తరబడి బయటపడదు, కానీ స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు సైతం హోల్డర్‌లో ఫేజ్ నిలిచి ఉండి, బల్బు మార్చబోయినవారికి షాక్ కొడుతుంది.

స్విచ్ లోపల కదిలే ముక్క ఒకటి, కదలని ముక్క ఒకటి ఉండి, అవి కలిసే చోట వెండి మిశ్రమంతో చేసిన చిన్న బొడిపెలు ఉంటాయి. అవి విడిపోయే క్షణంలో మధ్యనున్న గాలి వేడెక్కి విద్యుత్ వాహకంగా మారి, ఆర్క్ అనే మెరుపు పుడుతుంది. ముక్కలు ఎంత నెమ్మదిగా విడిపోతే ఆ మెరుపు అంతసేపు నిలిచి లోహాన్ని అంతగా తినేస్తుంది. ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరానికి చెందిన జాన్ హెన్రీ హోమ్స్ 1884లో స్ప్రింగు బలంతో ముక్కలను తటాలున విడదీసే స్విచ్‌ను రూపొందించి ఈ చిక్కును పరిష్కరించాడు. మీట నొక్కినప్పుడు వినిపించే టక్కుమనే చప్పుడు ఆ స్ప్రింగు పనిచేస్తున్నదనడానికి గుర్తు. ఏకాంతర విద్యుత్తులో ప్రవాహం సెకనుకు 100 సార్లు సున్నాకు చేరుకుంటుంది గనుక ఆర్క్ తనంతట తానే ఆరిపోతుంది, ఏకముఖ విద్యుత్తులో ఆ వెసులుబాటు లేదు.

తెలుగువారి ఇళ్ళలో మూడు తరాల స్విచ్‌లు ఇప్పటికీ కనిపిస్తాయి. చెక్క దిమ్మ మీద బిగించిన గుండ్రటి బేకలైట్ టంబ్లర్ స్విచ్ పాత పెంకుటిళ్ళలోనూ మిద్దెలలోనూ మిగిలి ఉంది. సన్‌మైకా పలక మీద వరుసగా కూర్చిన పియానో స్విచ్ ఆ తరువాతిది, మధ్యతరగతి ఇళ్ళలో నేటికీ ఎక్కువగా కనిపించేది. గోడలో పాతిన పెట్టెలో చట్రం, దానిలో స్విచ్‌లు, పైన ఊడివచ్చే ముందు పలక ఉండే మాడ్యులర్ రకం కొత్త అపార్టుమెంట్లలో మామూలైంది. దీపాలకూ ఫ్యాన్లకూ వాడేది 6 ఆంపియర్ల స్విచ్. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు అందులో దాదాపు 0.04 ఆంపియరు మాత్రమే వాడుకుంటుంది. అదే బోర్డులో గీజర్ స్విచ్ కూడా ఉంటే లెక్క మారిపోతుంది, 2 కిలోవాట్ల గీజర్ సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది గనుక దానికి 16 లేదా 20 ఆంపియర్ల స్విచ్ కావాలి. ఖాళీగా ఉన్నది కదా అని దీపపు స్విచ్‌కు గీజర్ తీగ కలిపితే ప్లాస్టిక్కు కరిగి అంటుకునే ప్రమాదం ఉంది.

చెడిపోవడానికి కారణాలు

దీపం లాగే ప్రవాహం ఇంత తక్కువైనప్పుడు దాని స్విచ్ వేడికి పాడైపోవడం అరుదు, పాడుచేసేది ఎక్కువగా తేమే. వేడినీళ్ళ ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరుగా మారి పలక సందుల్లోంచి లోపలికి చేరుతుంది. సముద్రపు గాలి తగిలే కోస్తా ఊళ్ళలో ఆ తేమకు ఉప్పు కూడా తోడవుతుంది. ఇలా పాడైన బోర్డును విప్పి చూస్తే ఇత్తడి టెర్మినల్ అంచున ఆకుపచ్చని చిలుము పొడిలా పేరుకుని, స్క్రూ తల గాడి కనిపించకుండా తుప్పు పట్టి, స్క్రూ కింద నలిగిన రాగి పోగులు నల్లబడి ఉంటాయి. తీగను కాస్త కదిపితే ఒకటి రెండు పోగులు విరిగి రాలిపోతాయి. చీమలు గూడు పెట్టడం, బల్లి దూరి చచ్చిపోవడం కూడా మన ప్రాంతంలో అరుదు కాదు. సున్నం వేసేటప్పుడు స్విచ్ సందులో పడిన సున్నం గట్టిపడి మీటను సగంలో ఆపేయడం మరో కారణం.

చెడిన స్విచ్ ముందుగానే సంకేతాలిస్తుంది. మీట వేసినప్పుడు దీపం ఒకటి రెండుసార్లు రెపరెపలాడడం, చిటపట శబ్దం, మీట వదులై మధ్యలో నిలబడిపోవడం, పలక గోరువెచ్చగా తగలడం, ప్లాస్టిక్కు గోధుమరంగుకు తిరగడం, మాడు వాసన రావడం వీటిలో ముఖ్యమైనవి. చివరి మూడూ కనిపిస్తే మరమ్మతు కోసం ఎదురుచూడకుండా ఆ సర్క్యూట్‌ను వెంటనే ఆపివేయాలి. దీపం వెలగనంత మాత్రాన తప్పు స్విచ్‌దే అనుకోకూడదు; బాగుందని తెలిసిన మరో బల్బును పెట్టి చూడడం మొదటి పరీక్ష. ఎల్.ఇ.డి. బల్బు ఆర్పిన తరువాత కూడా మసకగా వెలుగుతుంటే అది స్విచ్‌లోని చిన్న ఇండికేటర్ దీపం వల్ల కావచ్చు, లేదా పైన చెప్పిన న్యూట్రల్ స్విచ్ పొరపాటు వల్ల కావచ్చు. రెండో సందర్భంలో స్విచ్ మార్చినా ఫలితం ఉండదు.

తడి శరీరం, విద్యుత్తు

పొడి చర్మం విద్యుత్తును గట్టిగానే అడ్డుకుంటుంది, ఆ నిరోధం కొన్నిసార్లు పదివేల ఓముల పైన ఉంటుంది. తడిసినప్పుడు చర్మపు అడ్డు దాదాపు తొలగిపోయి, లోపలి శరీర నిరోధం సుమారు వెయ్యి ఓములు మాత్రమే మిగులుతుంది. 230 వోల్టులను వెయ్యితో భాగిస్తే 230 మిల్లీఆంపియర్లు వస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన చార్లెస్ డాల్‌జీల్ స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి మీద జరిపిన పరీక్షలలో, పట్టుకున్న తీగను తమంతట తాము వదలగలిగే ప్రవాహం పురుషులకు సగటున 16, స్త్రీలకు 10.5 మిల్లీఆంపియర్లని తేలింది. ఆ పరిమితి దాటితే కండరాలు బిగుసుకుపోయి చేయి తీగను విడవదు, మరింత పెరిగితే గుండె లయ తప్పుతుంది. చెప్పులు లేని తడి కాళ్ళు, తడి నేల, కుళాయి లోహం కలిసి ప్రవాహానికి భూమిలోకి దారి చూపుతాయి గనుక హాలులో చిన్న జలదరింపుతో పోయే షాక్ స్నానాల గదిలో ప్రాణం తీయగలదు.

అందువల్లనే అనేక దేశాల నియమాలు స్విచ్ ఉండే చోటునే నియంత్రించాయి. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక కమిషన్ ప్రమాణం ప్రకారం తొట్టి లేని షవర్ చుట్టూ, నీరు వచ్చే స్థానం నుంచి 120 సెంటీమీటర్ల మేర, నేల నుంచి 225 సెంటీమీటర్ల ఎత్తు వరకు మామూలు స్విచ్ ఉండకూడదు. బ్రిటన్‌లో పైకప్పుకు బిగించి, వేలాడే తాడును లాగితే పనిచేసే స్విచ్‌లను స్నానాల గదుల్లో విరివిగా వాడేది ఈ కారణంగానే. తెలుగు రాష్ట్రాలలోని చాలా ఇళ్ళలో దీపపు స్విచ్ తలుపు బయట గోడకు ఉంటుంది, అది మంచి అలవాటు. లోపల ఉన్న స్విచ్ చెడినప్పుడు దాన్ని అక్కడే మార్చడం కంటే ఎలక్ట్రీషియన్ చేత బయటికి జరిపించడం మేలు. ఆ ఖర్చు ఒక్కసారితో పోతుంది.

చట్టపు హద్దు

ఇంటి యజమాని తన ఇంట్లో స్విచ్ మార్చుకోవడం నేరమేమీ కాదు. 1956 నాటి భారత విద్యుత్ నియమాలలోని 45వ నియమం వైరింగ్ పనులను లైసెన్సు గల కాంట్రాక్టరుకే పరిమితం చేస్తూనే, అమరిక సామర్థ్యాన్నీ స్వభావాన్నీ మార్చనంత వరకు దీపాలు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌ల మార్పిడికి మినహాయింపు ఇచ్చింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన నిబంధనలు ఆ మినహాయింపును కొనసాగించాయి. 6 ఆంపియర్ల స్విచ్ స్థానంలో 6 ఆంపియర్లదే పెట్టడం ఈ హద్దులో ఉంటుంది. కొత్త పాయింటు లాగడం, గోడలోని తీగను మార్చడం, స్విచ్‌ను మరోచోటికి జరపడం హద్దు దాటుతాయి.

సరఫరాను ఆపడం

ఈ దశకే ఎక్కువ సమయం కేటాయించాలి. ఇంటి డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఒక్కో సర్క్యూట్‌కు ఒక్కో ఎం.సి.బి. ఉంటుంది, అంటే ప్రవాహం పరిమితి మించితే తనంతట తానే పడిపోయే చిన్న మీట. పాత ఇళ్ళలో ఆ స్థానంలో పింగాణీ ఫ్యూజు క్యారియర్ ఉంటుంది. స్నానాల గది దీపానికి సంబంధించిన ఎం.సి.బి.ని దించితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, కానీ ఒకే స్విచ్ బోర్డులోకి రెండు మూడు సర్క్యూట్‌ల తీగలు రావడం మన వైరింగ్‌లో మామూలే. దీపం ఒక లైను మీద, గీజర్ మరో లైను మీద ఉంటాయి. త్రీఫేజ్ కనెక్షన్ ఉన్న ఇంట్లో అవి రెండు వేర్వేరు ఫేజ్‌లు కూడా కావచ్చు, అప్పుడు పక్కపక్క టెర్మినళ్ళ మధ్య 400 వోల్టుల పీడనం ఉంటుంది. దీపం తీగ నిర్జీవంగా ఉన్నా స్క్రూడ్రైవర్ జారి పక్క స్విచ్‌కు తగిలితే అపాయం అంతే తీవ్రం.

ఇన్వర్టర్ ఇంతకంటే మోసకారి. కరెంటు పోయినప్పుడు ఎవరూ చీకట్లో చిక్కుకోకూడదని స్నానాల గది దీపాన్ని సాధారణంగా ఇన్వర్టర్ లైనుకే కలుపుతారు. మెయిన్ దించగానే ఇన్వర్టర్ దాన్ని కరెంటు కోతగా భావించి, కనురెప్పపాటులో బ్యాటరీ నుంచి 230 వోల్టులను తయారుచేసి అదే తీగలోకి పంపుతుంది. బ్యాటరీ వోల్టేజీ 12 మాత్రమే కదా అన్న ధీమాకు ఇక్కడ తావు లేదు, బయటికి వచ్చే విద్యుత్తు మెయిన్ సరఫరాతో సమానంగా ప్రమాదకరం. కనుక మొదట ఇన్వర్టర్‌ను దాని స్విచ్ దగ్గరే ఆపాలి. అయితే ఇన్వర్టర్‌ను ఆపినా మెయిన్ విద్యుత్తు దానిగుండా నేరుగా లైనులోకి పోతూ ఉండవచ్చు గనుక, ఆ తరువాత మెయిన్‌ను కూడా దించాలి. ఈ రెండిటిలో ఏ ఒక్కటీ రెండోదానికి బదులు కాదు. దించిన మీట దగ్గర పని జరుగుతున్నదని రాసిన కాగితం అంటించి, వీలైతే ఒకరిని అక్కడే నిలబెట్టాలి, ఎందుకంటే ఇంట్లో ఫ్యాన్ ఆగిపోయిందని మరొకరు వచ్చి మీట ఎత్తడం ఊహకు అందని విషయమేమీ కాదు.

విద్యుత్తు లేదని రుజువు చేసుకోవడం

ఇళ్ళలో అందరి దగ్గరా ఉండే టెస్టర్ లోపల ఒక చిన్న నియాన్ దీపం, దాని వెనుక లక్ష ఓములకు ఎన్నో రెట్లు ఎక్కువైన నిరోధకం ఉంటాయి. కొనను ఫేజ్‌కు తాకించి తల మీది లోహాన్ని వేలితో తాకినప్పుడు, మిల్లీఆంపియరులో చిన్న వంతు శరీరం గుండా భూమికి చేరి నియాన్ వెలుగుతుంది. కాబట్టి టెస్టర్ వెలిగితే జాగ్రత్తపడవలసిందే, వెలగకపోతే మాత్రం అది ఏ విధమైన హామీ కాదు. ఎత్తైన పీట మీదో, మందపాటి రబ్బరు చెప్పులతోనో నిలబడినా, పగటి వెలుతురు పడుతున్నా, లోపలి దీపం పాడైనా అది వెలగనట్టే కనిపిస్తుంది. తడిచేతులతో దాన్ని వాడడం ఎప్పుడూ తగదు.

దీనికి విరుగుడుగా వృత్తి నిపుణులు ఒకే పరికరాన్ని మూడుసార్లు వాడతారు. ఇన్వర్టర్‌ను ఆపి, దీపం సర్క్యూట్ ఎం.సి.బి.ని మాత్రమే దించిన దశలో, విద్యుత్తు ఉందని తెలిసిన వంటింటి సాకెట్‌లో టెస్టర్ వెలుగుతున్నదో లేదో చూసి, బోర్డు ముందు పలక విప్పి ప్రతి టెర్మినల్‌నూ స్విచ్ ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ పరీక్షించి, మళ్ళీ వంటింటి సాకెట్ దగ్గరికి వెళ్ళి టెస్టర్ ఇంకా పనిచేస్తున్నదని నిర్ధారించుకుంటారు. మధ్య పరీక్షలో ఏ టెర్మినల్ వెలిగినా ఆ బోర్డులోకి మరో లైను వస్తున్నదని అర్థం. ఆ తరువాత మెయిన్‌ను కూడా దించి ఇంకోసారి చూసిన మీదటే చేయి పెడతారు. మల్టీమీటర్ ఉంటే ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలవడం ఇంకా నమ్మదగినది. మెయిన్ దించినా ఏదో ఒక తీగలో విద్యుత్తు కనిపిస్తూనే ఉంటే, పక్కింటి లైనో, మీటరు దాటి వచ్చిన మరేదో లైనో కలిసి ఉండవచ్చు గనుక పని అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

మార్పిడి

కొత్త స్విచ్ మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, దానితోపాటు గృహ స్విచ్‌ల భారతీయ ప్రమాణ సంఖ్య ఐ.ఎస్. 3854, లైసెన్సు సంఖ్య ఉండాలి. లైసెన్సు సంఖ్య నిజమైనదో కాదో భారతీయ ప్రమాణాల సంస్థ మొబైల్ యాప్‌లో చూసుకోవచ్చు. మాడ్యులర్ రకంలో ఒక కంపెనీ స్విచ్ మరో కంపెనీ చట్రంలో సరిగా కూర్చోదు కాబట్టి పాతదాన్ని పట్టుకుని దుకాణానికి వెళ్ళడం సులువు.

తీగలు విప్పే ముందు సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. ఎర్రది ఫేజ్, నల్లది న్యూట్రల్, పచ్చది ఎర్త్ అన్న రంగుల వాడుకను కాగితం మీద అందరూ ఒప్పుకున్నా, మిగిలిపోయిన కాయిల్‌తో పని ముగించిన ఇళ్ళు లెక్కలేనన్ని ఉన్నాయి. నల్ల తీగలో ఫేజ్ ఉండడం ఆశ్చర్యం కాదు. సరఫరా వైపు టెర్మినల్‌లో సాధారణంగా రెండు తీగలుంటాయి, ఒకటి ఫేజ్‌ను తెచ్చేది, రెండోది దాన్ని పక్క స్విచ్‌కు అందించే లూపు. లూపును మరిచిపోయినా, దీపం వైపు టెర్మినల్‌లో పెట్టినా పక్క స్విచ్‌లన్నీ పనిచేయడం మానేస్తాయి, లేదా ఈ స్విచ్ వేసినప్పుడే పనిచేస్తాయి. స్విచ్ మార్చిన తరువాత ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇదే.

పాత తీగ కొన నల్లబడి ఉంటే ఆ మేరకు కత్తిరించి, 8 నుంచి 10 మిల్లీమీటర్ల పొడవున పైపొర ఒలిచి, పోగులు తెగకుండా చూసి, వాటిని మెలిపెట్టి టెర్మినల్‌లో దూర్చాలి. స్క్రూ రాగి మీద బిగుసుకోవాలి, పైపొర మీద కాదు. అలాగని రాగి గూటి బయట కనిపించకూడదు. బిగించాక తీగను చేత్తో గట్టిగా లాగి చూడాలి. జారివచ్చే తీగ నెలల తరువాత వదులై, ఆ వదులు దగ్గర నిరోధం పెరిగి, వేడి పుట్టి, మొదటి లోపాన్నే మళ్ళీ తెస్తుంది. పాత ఇళ్ళలో తీగ వెండి రంగులో ఉంటే అది అల్యూమినియం, దాన్ని రాగితో ఒకే టెర్మినల్‌లో కలపకూడదు. లోహపు పెట్టె ఉన్న చోట దానికి కలిపిన ఎర్త్ తీగను తప్పక తిరిగి బిగించాలి. లోపల ఫేజ్ తీగ పైపొర నలిగి పెట్టెకు తగిలిన రోజున, ముందు పలక స్క్రూను తాకిన వేలికి షాక్ తగలకుండా కాపాడేది ఆ తీగే. మీటను కిందికి నొక్కితే ఆన్ అయ్యేలా అమర్చడం మన దేశపు వాడుక, అమెరికాలో ఇది తలకిందులు.

సరఫరా పునరుద్ధరణ, తదుపరి పరీక్షలు

ముందు పలక పూర్తిగా బిగించాక, నేలా చేతులూ పొడిగా ఉన్నాయని చూసుకుని మెయిన్, ఎం.సి.బి., ఇన్వర్టర్ వరుసలో సరఫరా ఇస్తారు. ఎం.సి.బి. వెంటనే పడిపోతే దాన్ని మళ్ళీ మళ్ళీ ఎత్తకూడదు, ఫేజ్ ఎక్కడో న్యూట్రల్‌కో ఎర్త్‌కో తగులుతున్నదని దాని అర్థం.

ఆర్.సి.సి.బి. అనే రక్షణ మీట ఉన్న ఇళ్ళలో దాని మీది టి అక్షరపు బటన్‌ను నొక్కి చూడడానికి ఇది తగిన సమయం. ఫేజ్‌లో వెళ్ళిన ప్రవాహమూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన ప్రవాహమూ సమానంగా లేకపోతే, తేడా శరీరం గుండానో తడిగోడ గుండానో భూమికి పోతున్నదని గ్రహించి అది సరఫరాను తెంచుతుంది. ఇళ్ళకు నిర్దేశించిన పరిమితి 30 మిల్లీఆంపియర్లు. ఎం.సి.బి. తీగలను కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అయితే ఒక చేయి ఫేజ్‌ను, మరో చేయి న్యూట్రల్‌ను పట్టుకుంటే ఆ రెండు ప్రవాహాలూ సమానంగానే ఉంటాయి గనుక అది కూడా ఏమీ చేయలేదు. అందువల్ల ఆర్.సి.సి.బి. ఉన్నదన్న ధైర్యంతో సరఫరా ఆపకుండా బోర్డు విప్పడం సరికాదు.

ఎవరికైనా షాక్ తగిలి తీగను వదలలేకపోతుంటే వారిని తాకక ముందే మెయిన్ దించాలి. అది కుదరకపోతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో తీగ నుంచి వేరుచేసి, ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్య నొక్కుతూ 108కి ఫోన్ చేయించాలి. తేరుకుని మామూలుగా మాట్లాడుతున్నా ఆస్పత్రిలో చూపించడం అవసరం, గుండె లయలో తేడా కొంత ఆలస్యంగా బయటపడవచ్చు.

కొత్త స్విచ్ కొద్ది నెలలకే మళ్ళీ చిలుము పడితే లోపం స్విచ్‌లో లేనట్టే. అటువంటప్పుడు బోర్డు విప్పి పెట్టె అడుగున తడి ఉందేమో, గోడ సున్నం ఉబ్బి పొరలుగా లేస్తున్నదేమో చూడాలి; గోడలోపల పైపు కారుతున్నా, పై అంతస్తు స్నానాల గది నీరు స్లాబులోంచి ఊరుతున్నా ఆ నీరు తీగల గొట్టం వెంబడి దిగి ముందుగా చేరేది ఈ పెట్టెలోకే. తడి గోడలోని బోర్డును విప్పడం ఇంటివారి పని కాదు. ఆ సర్క్యూట్‌ను ఆపి ఉంచి, మొదట ప్లంబర్ చేత నీటి కారుడు ఆపించి, గోడ పూర్తిగా ఆరిన తరువాత ఎలక్ట్రీషియన్ చేత తీగల ఇన్సులేషన్‌ను మెగ్గర్ పరికరంతో పరీక్షింపజేసి, అప్పుడు కొత్త స్విచ్ బిగించాలి; అంతవరకు స్నానాల గదికి బ్యాటరీ దీపం వాడుకోవాలి.